ఏడు చప్పుళ్లు విన్న సాయంత్రం

ఆ సాయంత్రం బావి దగ్గర ఉన్నవాళ్లు: మా మేనమామ, వడ్డెర మేస్త్రి, మేస్త్రి భార్య, రాళ్లు మోసే అన్నదమ్ములు ఇద్దరు, నేను. ఉన్న వస్తువులు: గడ్డపారలు, సుత్తెలు, వెదురు గంపలు, మోకుతో అల్లిన నిచ్చెన, నీళ్ల బిందె, ఇంకా వెలిగించని కందీలు. బండి నుంచి విప్పిన ఎద్దుల జత కొంచెం దూరంలో మేస్తున్నది. బావిలోంచి తీసిన మట్టి గుట్టగా పడి ఉన్నది, మేమంతా దాని వెనక కూర్చున్నాము. బావి అడుగున, నల్లరాతిలో, పేలుడు మందు కూరిన బొక్కలు ఏడు. వాటికి అంటించిన వత్తులు ఏడు.

ఆకాశంలో ఏమీ లేదు. చంద్రుడు లేడు, మబ్బు లేదు. తర్వాత ఊళ్లో కొందరు అది మెరుపని అన్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి.

మామ ఊరు బిలోలికి తూర్పున, మంజీర ఏటికి దగ్గర. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, సర్కారు కచేరీలో ఉర్దూ. నేను హైదరాబాద్‌లో ఓవర్‌సీర్ చదువు ముగించి, కొలువు హుకుం ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఆ ఎండాకాలం అక్కడ ఉన్నాను. పొద్దంతా చేసే పని లేక బావి దగ్గరే కూర్చునేవాణ్ణి. మామ చాలా ఏళ్లుగా అనుకుంటున్న బావి అది. పైన నల్లరేగడి సులువుగానే తెగింది. కింద రాయి తగిలింది. రాయి తగిలాక మేస్త్రిని పిలిపించారు.

మేస్త్రి పని పద్ధతి నాకు నచ్చేది. పొద్దంతా తనూ కూలీలూ కలిసి రాతిలో బొక్కలు కొట్టేవాళ్లు. సాయంత్రానికి వాటిలో మందు పోసి, పైన తడి మట్టి కూరి, మేస్త్రి బొటనవేలితో గట్టిగా ఒత్తేవాడు. ఒక్కో వత్తిని ఒక్కో పొడవున కోసేవాడు. అన్నీ ఒక్కసారి పేలితే లెక్క తెలియదు, ఒకదాని వెనక ఒకటి పేలితేనే తెలుస్తుంది. పొగ రాత్రంతా వెళ్లిపోవాలని పొద్దుగూకే వేళకే అంటించేవాడు. అంటించి, నిచ్చెన ఎక్కి పైకి వచ్చి, నిచ్చెన లాగేసి, గుట్ట వెనక కూర్చునేవాడు.

అక్కడి నుంచి ఎవరూ మాట్లాడకూడదు. దగ్గకూడదు. మేస్త్రి కళ్లు మూసుకొని, తల వంచుకొని, ఒడిలో గులకరాళ్లు పోసుకొని, ఒక చప్పుడుకు ఒక రాయి పక్కన పెట్టేవాడు. ఆఖరి చప్పుడు అయిపోయాక కళ్లు తెరిచి మా వైపు చూసేవాడు. అప్పుడు అందరూ ఒక్కసారి లెక్క చెప్పాలి. అందరి లెక్కా ఒకటై, అది కూరిన బొక్కల లెక్కతో సరిపోతే, పొద్దున బావిలోకి దిగడం. ఒక్కటి తగ్గినా దిగడం లేదు. పేలని బొక్క రాళ్ల కింద కనబడకుండా ఉంటుంది. దాని మీద గడ్డపార పడితే మనిషి ముక్కలవుతాడు. మేస్త్రి వాళ్ల అన్న అట్లాగే పోయాడు. ఆ రోజు ఎవరో మాట్లాడారట, లెక్కలో తగ్గిన ఒక చప్పుడు ఆ మాటలో కలిసిపోయిందనుకొని దిగాడట. ఇది మేస్త్రి చెప్పలేదు, భార్య చెప్పింది. మాట్లాడకూడదన్న నియమం అప్పటి నుంచే పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మేస్త్రి పైకి వచ్చాడు, నిచ్చెన లాగాడు, కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు. పడమర ఇంకా కొంచెం ఎర్రగా ఉన్నది. తూర్పున ఒకటి రెండు చుక్కలు పొడిచాయి. నేను నేల వైపు చూస్తున్నాను.

మొదట మారింది నా నీడ. ఆ వేళకు నీడలు ఉండవు. నా ముందు రేగడి మీద నీడ పడింది, చాకుతో కోసినట్టు అంచులతో. నేల పగుళ్లు ఒక్కొక్కటీ కనబడ్డాయి, పగుళ్లలో గడ్డి వేర్లు కనబడ్డాయి. తర్వాత ఆ నీడ కదిలింది. నేను కదలలేదు. నీడ నా పాదాల చుట్టూ గడియారం ముల్లు లాగా తిరిగింది. మామ నీడ, కూలీల నీడలు, బిందె నీడ, ఎద్దుల నీడలు అన్నీ ఒకే వేగంతో, ఒకే వైపు తిరిగాయి.

తల ఎత్తి చూశాను. దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక నిప్పు ముద్ద పోతున్నది. పడుతున్నట్టు లేదు, పోతున్నట్టే ఉంది, ఎక్కడికో పని మీద పోతున్నట్టు. ముందు భాగం తెలుపు, దాని చుట్టూ పచ్చని ఆకు రంగు, వెనక ఎర్రటి తోక. తోకలోంచి ముక్కలు విడిపోయి కొంచెం దూరం దాని వెంటే పోయి ఆరిపోతున్నాయి. నెత్తి మీదికి వచ్చినప్పుడు అందరి ముఖాలూ కనబడ్డాయి. మామ నోరు తెరుచుకొని ఉన్నది. కూలీల్లో చిన్నవాడు రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. మేస్త్రి భార్య కొంగు పళ్ల మధ్య పెట్టుకొని కొరుకుతున్నది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నియమం అంత బలమైనది. ఆరుగురు మనుషులు అంత నిప్పు కింద కూర్చొని, కిక్కురుమనకుండా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

మేస్త్రి తల ఎత్తలేదు. మూసిన రెప్పల మీద ఆ వెలుగు పడుతున్నది. రెప్పలు ఇంకా గట్టిగా బిగించాడు.

ఇంకొక సంగతి ఉన్నది, దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ వెలుగు ఉన్నంతసేపు ఒక సన్నని చప్పుడు వచ్చింది. కాగిన నూనెలో ఆవాలు వేస్తే వచ్చే చిటపట. అది ఆకాశం నుంచి రాలేదు. చెవుల పక్క నుంచే వచ్చింది. గడ్డిలోంచి, గంపల్లోంచి, నా తల వెంట్రుకల్లోంచి వచ్చినట్టు ఉన్నది. అంత దూరపు చప్పుడు వెలుగుతో పాటే రాకూడదు. నేను చదివిన చదువులో దానికి చోటు లేదు. విన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఉత్తరాన, చెట్ల మీదుగా పోయి, ఒకసారి ఉబ్బి, ఆరిపోయింది. చీకటి ముందుకంటే ఎక్కువైంది. అది పోయిన దారి మాత్రం ఆకాశంలో మిగిలింది, తెల్లటి పొగ గీత. కిందికి దిగిపోయిన పొద్దు వెలుగు అంత ఎత్తులో ఇంకా తగులుతున్నదేమో, ఆ గీత మెరుస్తున్నది. చూస్తుండగానే మెలికలు తిరగడం మొదలుపెట్టింది. కీచురాళ్లు ఆగిపోయాయి. ఎద్దులు మేత ఆపి, రెండూ ఒకే వైపు, బావి వైపు చూస్తున్నాయి.

తర్వాత బావిలో మొదటి బొక్క పేలింది.

ఒకటి. రెండు. మూడు. కొంచెం ఆగి నాలుగు, దాని తోక మీదనే ఐదు. ఆరు. చాలాసేపు ఏమీ లేదు. ఏడు.

మేస్త్రి ఇంకొంతసేపు అట్లాగే కూర్చొని, కళ్లు తెరిచి మా వైపు చూశాడు. అందరం ఒక్కసారి "ఏడు" అన్నాము. ఆ మాట అన్న తర్వాతే మామ నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"అమ్మా, మాహూర్ తల్లీ," అన్నాడు. "నా బావి మీదికెల్లి పోయినవా అమ్మా."

"ఏం పోయింది?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు చూడలేదా?" అన్నాడు పెద్ద కూలీ. "నీ నెత్తి మీదికెల్లే పోయింది కదనే. నీ బట్టతల అద్దం లెక్క మెరిసింది."

"నేను లెక్కవెడుతున్న," అన్నాడు మేస్త్రి. "చూసుడు నా పని కాదు."

ఇంటికి వచ్చేసరికి ఊరంతా వాకిళ్లలో ఉన్నది. అత్త దీపం పెట్టి, ఉత్తరం వైపు పసుపు నీళ్లు చల్లింది. మాహూర్ రేణుకమ్మ ఎక్కడికో పోయి ఉత్తరాన ఉన్న తన కొండకు తిరిగి పోతున్నదని కొందరన్నారు. ఆమె అట్లా పోతే నీళ్లు పడతాయని మామ అన్నాడు. ఎవరింట్లోనో మనిషి పోతాడని పక్కింటి ముసలాయన అన్నాడు. ఎవరింట్లో అని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ ఇల్లు తమదవుతుందని భయం. పొగ గీత అప్పటికి పాము చుట్ట లాగా అయింది. పిల్లల్ని లోపలికి తోలారు.

నేను అన్నం ముందు కూర్చున్నాను. మనసు మాత్రం ఒక మామూలు లెక్క మీద ఉన్నది. చప్పుడు సెకండుకు పదకొండు వందల చిల్లర అడుగులు పోతుంది. నేను దాన్ని ఉర్దూలో నేర్చుకున్నాను, ఉర్దూలోనే గుర్తుకు వచ్చింది. అంత వేగంగా, అంత మండుతూ గాలిలో పోయిన వస్తువు చప్పుడు చేయకుండా పోదు. పేలినట్టుగా చప్పుడు రావాలి. కానీ ఎత్తు చాలా ఎక్కువ కాబట్టి ఆ చప్పుడు వెంటనే రాదు. వెలుగు పోయాక కొన్ని నిమిషాలకు నేలకు దిగాలి.

మరి అది ఎప్పుడు దిగింది? మేము ఎవ్వరం ఆకాశం చప్పుడు వినలేదు. బావి చప్పుళ్లు విన్నాము, అంతే.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బావి చప్పుళ్లు ఏడు అని మేము అనుకున్నాము. విన్నవి ఏడు అన్నదే మాకు తెలిసిన నిజం. అందులో ఒకటి పైనుంచి దిగినదైతే, బావిలో పేలినవి ఆరు. ఒక బొక్క ఇంకా అట్లాగే ఉన్నది, రాళ్ల కింద. పొద్దున మొదట దిగేది మేస్త్రి.

నాలుగు, ఐదు దగ్గర దగ్గరగా వచ్చిన సంగతి గుర్తు చేసుకున్నాను. బావిలో మందు పేలితే ముందు అరికాలికి తెలుస్తుంది, తర్వాత చెవికి. ఐదో చప్పుడుకు నా కాళ్ల కింద నేల అదిరిందా? అదరలేదు అనిపించింది. కానీ అనుమానం వచ్చిన తర్వాత గుర్తుకు వచ్చేదాన్ని నమ్మకూడదు. మామను అడిగాను.

"నాకు కాళ్లున్నయన్న సంగతే యాది లేదు అల్లుడా," అన్నాడు. నా అనుమానం చెప్తే కాసేపు ఆలోచించి, "నీ చదువు ఆకాశం దాక పోయింది గని బావిలకు దిగలేదు. ఏడు పెట్టిండు, ఏడు పేలినయి. పండుకో," అన్నాడు.

కందీలు పట్టుకొని మేస్త్రి గుడిసెకు పోయాను. బావికి దగ్గరలోనే వేసుకున్నారు. దారిలో బావి పక్క నుంచి పోవాలి. రోజూ పోయే దారే. అంచు దగ్గరికి వచ్చేసరికి మందు వాసన తగిలింది, గంధకం వాసన. అది బావిలోంచి వస్తున్నదా, పైనుంచి దిగుతున్నదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తల వంచి చూశాను. లోపల పొగ తెల్లగా, కదలకుండా ఉన్నది. దాని కింద ఏదో మేలుకొని ఉన్నదని, నా అడుగులు వింటున్నదని అనిపించింది. అది నిజం కాదని నాకు తెలుసు. అయినా మెత్తగా నడిచాను.

మేస్త్రి జొన్నరొట్టె తింటున్నాడు. భార్య పొయ్యి దగ్గర. కూలీలిద్దరూ బయట గొంగళ్ల మీద కూర్చున్నారు.

"ఏంది చిన్న పటేలా, గింత పొద్దువోయినంక అచ్చినవు?"

"మేస్త్రీ, పొద్దున బావిలకు దిగుడు ఆపాలె."

"ఎందుకు?"

"ఏడు పేలలేదని నా అనుమానం."

తినడం ఆపాడు. "నువ్వెన్ని విన్నవు?"

"ఏడే విన్న. అందుల ఒకటి బావిది కాదు, మీదికెల్లి అచ్చింది. గా నిప్పుది."

"మీద ఎవడు మందు కూరిండో," అన్నాడు చిన్న కూలీ. పెద్దవాడు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

నాకు తెలిసినంతలో చెప్పాను. పిడుగు పడితే ముందు మెరుపు, తర్వాత ఉరుము కదా, ఇదీ అంతేనని. దూరం ఎక్కువ కాబట్టి ఉరుము ఇంకా ఆలస్యంగా వస్తుందని. ఆ ఉరుము ఎప్పుడొచ్చిందో మనలో ఎవరూ చెప్పలేకపోతున్నామని.

"ఉరుము రాలేదేమో," అన్నాడు మేస్త్రి. "అమ్మోరు పోతుంటే ఉరుముతదా?"

"రావాలె."

"రావాలెనా, అచ్చిందా?"

మేస్త్రి రొట్టె పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు.

"చూడు చిన్న పటేలా. ఏడు పెట్టిన. ఏడు విన్న. గీళ్లందరు ఏడన్నరు, నువ్వు గూడ అన్నవు. ఏడు విని నేను దిగకపోతే, రేపటిసంది ఏడు విని ఎవడు దిగుతడు? ఇంక నా లెక్కకు అర్థమేంది? నేను ముందుగాల దిగుత గాబట్టే గీళ్లు నా ఎనక దిగుతరు."

"నిజమే. కని ఒక్క పూట ఆగు."

"అనుకునేటోళ్లు ఒడ్డు మీద ఉంటరు," అన్నాడు. "లెక్కవెట్టెటోడు దిగుతడు."

అప్పుడు మేస్త్రి భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"చిన్న పటేలా, గిది నీకు ఎరుకనా? అనుకుంటున్నవా?"

"అనుకుంటున్న."

"ఎరుక చేసుకునుడు ఎట్ల?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. ఆమె వేశాక జవాబు వెంటనే తట్టింది. మా బావి చప్పుడు వినబడని చోట, ఆ నిప్పును చూసినవాళ్లను అడగాలి. అక్కడ వెలుగు తర్వాత చప్పుడు వినబడితే, అది పైదే. అదే చప్పుడు మాకూ దిగి ఉంటుంది. మంజీర అవతలి ఇసుకలో కర్బూజ తోటలు వేసుకున్నవాళ్లు ఉన్నారు. ఇక్కడికి రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు. రాత్రిళ్లు అక్కడే కావలి పండుకుంటారు.

ఆమె లోపలికి పోయి మోకు నిచ్చెన తెచ్చింది. చుట్టచుట్టి తన చాప మీద తల పెట్టుకునే చోట పెట్టింది.

"ఇగో, గిది నా తలకింద ఉంటది," అంది భర్తతో. "చిన్న పటేలు తిరిగి అచ్చినంక ఇస్త. గంతకు ముందుగాల దిగాలెనంటే దూకు."

"బాయిలకు దూకిన మొగన్ని చూసినవా?" అన్నాడు మేస్త్రి.

"చూడలే. నువ్వు మొదటోనివి అయితవు."

మేస్త్రి ఆమెను చూశాడు, నన్ను చూశాడు, రొట్టె తీసుకొని తినసాగాడు. కూలీలు గొంగళ్లు కప్పుకొని బావి వైపు తిరిగి పడుకున్నారు, దానికి వీపు పెట్టకుండా.

వేకువన బయలుదేరాను. ఏట్లో నీళ్లు ఒక పక్కన సన్నగా పారుతున్నాయి. మిగతాదంతా ఇసుక. ఆకాశం ఖాళీగా ఉన్నది. రాత్రి దాన్ని చూసిన తర్వాత ఆ ఖాళీ మంచిగా అనిపించలేదు. ఇసుక మీద నా అడుగుల చప్పుడు నా వెనక నుంచి వస్తున్నట్టు ఉన్నది. రెండుసార్లు ఆగి చూశాను.

తోటలో గడ్డి పందిరి కింద నడివయసు మొగుడూ పెళ్లాలు ఉన్నారు. మరాఠీ మాట్లాడేవాళ్లు. చప్పుడు విన్నారా అని అడిగితే విన్నామనే చెప్తారు, అడిగినవాడి ముఖం చూసి. అందుకని చప్పుడు మాట ఎత్తలేదు. నిన్న సాయంత్రం ఏం చూశారో మొదటి నుంచి చెప్పమన్నాను.

ఆమె చెప్పింది. వెలుగు వచ్చేసరికి తీగల మీద కాయలన్నీ ఒక్కసారి కనబడ్డాయట, ఆకుల కింద దాగినవి కూడా. తను ఇంకా చూడని కాయలు కూడా కనబడ్డాయట. నీటి మడుగులో ఇంకొక నిప్పు కింది నుంచి పోయిందట. రెండూ కలిసి పోయాయట, పైదీ, కిందిదీ. చేపలు ఎగిరాయట. అది ఆరిపోయాక తను దేవుడికి దండం పెట్టుకొని, పొయ్యి మీది కుండ దించి, బూడిద కప్పి, కూర్చున్నదట.

"అప్పుడు చప్పుడైంది," అంది.

"ఏం చప్పుడు?"

"పెద్ద భవంతి తలుపు మూసినట్టు. రెండు రెక్కలు. ఒక రెక్క, దాని ఎనక ఇంకో రెక్క."

"ఏక్‌చ్," అన్నాడు మొగుడు. ఒక్కటే.

"దోన్," అంది ఆమె. రెండు.

"ఒక్కటే చప్పుడు. రెండోది నీ గుండె కొట్టుకున్నది."

"నీకేం తెలుసు, నువ్వు గొంగడిలో తల పెట్టినవు. నీ కాళ్లు మాత్రమే బయట ఉన్నవి. ఆ కాళ్లను చూసి నేను ధైర్యం తెచ్చుకున్న."

"గొంగడిలోంచి కూడా వినబడుతుంది. ఒక్కటే."

రోజూ సాయంత్రం పడమర వైపు నుంచి ఏమైనా చప్పుళ్లు వినబడతాయా అని అడిగాను. ఏం చప్పుళ్లు అన్నారు ఇద్దరూ. మా బావిలో పది రోజులుగా సాయంత్రం సాయంత్రం మందు పేలుస్తున్న సంగతే వాళ్లకు తెలియదు. ఒకటా రెండా అన్న దాని మీదే వాళ్లు వాదించుకున్నారు, అసలు చప్పుడు వచ్చిందన్న దాని మీద కాదు. నాకు కావలసింది అదే. ఆమె ఒక కర్బూజ ఇచ్చింది. పరుగెత్తి వస్తూ ఇసుకలో ఎక్కడో వదిలేశాను.

నేను వచ్చేసరికి పొద్దు బారెడు ఎక్కింది. అందరూ బావి దగ్గరే ఉన్నారు. మామ గొడుగు వేసుకొని నిలబడ్డాడు. మేస్త్రి బావి అంచు మీద కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నాడు. భార్య నిచ్చెన మీద కూర్చున్నది. విన్నది విన్నట్టు చెప్పాను.

"వాళ్లకు మన మందు చప్పుడు రోజు వినబడతదా?" అని అడిగాడు మేస్త్రి.

"వినబడది. అడిగిన."

మేస్త్రి బావిలోకి చూశాడు. పొగ పోయింది. అడుగున పగిలిన నల్లరాయి కుప్ప, ఎండ ఇంకా దిగలేదు.

"అయితే నేను విన్న ఏడుల ఒకటి నాది కాదు," అన్నాడు. కోపం లేదు. ఎవరో తన ఇంట్లోకి వచ్చి పోయారని తెలిసినవాడి గొంతు అది. "కండ్లు మూసుకున్న గద. అది గూడ అచ్చి నా లెక్కల కూసున్నది."

భార్య నిచ్చెన మీద నుంచి లేచింది.

ముందు నీళ్లు పోయించాడు. కూలీలు బిందెల కొద్దీ తెచ్చి రాళ్ల కుప్ప మీద పోశారు. కూరిన మట్టిలోంచి నీళ్లు తొందరగా దిగవు కాబట్టి అది సరిపోదని తనే చెప్పాడు. గడ్డపార, సుత్తె, ఇనుపది ఏదీ కిందికి తీసుకుపోలేదు. ఒక వెదురు పుల్ల చెక్కుకొని, చెప్పులు లేకుండా దిగాడు. మమ్మల్ని గుట్ట వెనక్కి పొమ్మన్నాడు. భార్య పోలేదు. గంప మోకు తన చేతిలోనే ఉంచుకున్నది. మామ రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

గుట్ట వెనక నుంచి మాకు వినబడింది రెండే: రాయి గంపలో పడే చప్పుడు, వెదురు పుల్ల రాతిని గీకే చప్పుడు. గంప పైకి వచ్చేది, పోయేది. మధ్యమధ్య గీకడం ఆగేది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దాటింది. ఎవరికీ ఆకలి కాలేదు. ఆ బావిలో మేస్త్రి ఒక్కడే లేడని, రాత్రి పోయినదాని భాగం ఏదో అందులో దిగి, అతని పక్కనే కూర్చొని ఉన్నదని చిన్న కూలీ మెల్లగా అన్నాడు. నేను కొట్టిపారేయలేకపోయాను. మందు మేస్త్రిదే, బొక్క మేస్త్రిదే. అయినా దాన్ని దాచిపెట్టింది పైనున్నదే కదా.

పొద్దు కొంచెం వాలాక లోపలి నుంచి మేస్త్రి గొంతు వచ్చింది.

"దొరికింది."

పెద్ద రాయి ఒకటి ఎగిరి వత్తిని మధ్యలో తెంపేసిందట. బొక్క మీది మట్టి అట్లాగే ఉన్నదట, తను ఒత్తిన బొటనవేలి గుర్తు కూడా చెరగలేదట. ఆ మాట లోపలి నుంచి చెబుతుంటే గొంతు బావి గోడలకు తగిలి, ఇద్దరు ముగ్గురు చెబుతున్నట్టు వచ్చింది. మట్టి తడిపి, పుల్లతో తోడి, మందంతా నీళ్లలో కలిపేశాడు.

మామ గుట్ట దిగి పరుగున పోయాడు. "దొరికింది గద, ఇంక మీదికి రా. రేపు మంచిగ పని మొదలువెట్టు."

"చిన్న పటేలా," అని పిలిచాడు మేస్త్రి లోపలి నుంచి. "ఆ ఆడామె ఎన్నన్నది?"

"రెండు. మొగుడు ఒకటన్నడు."

"మొగోని మాటే నిజమైంది తియ్యి," అన్నాడు మామ.

"మొగడు గొంగడిల ఉండె," అన్నాను నేను.

తర్వాత మేస్త్రి భార్య ఖాళీ గంపను మళ్లీ కిందికి వదిలింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. వెదురు పుల్ల గీకుడు మళ్లీ మొదలైంది. మేము గుట్ట వెనక్కి పోయాము.

నేను నాలుగో చప్పుడును, ఐదో చప్పుడును మళ్లీ మళ్లీ మనసులో విన్నాను. దాని తోక మీదనే ఇది. ఐదోది ఒక్కటే పైదని రాత్రంతా అనుకున్నాను. రెండూ పైవే కావచ్చని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పొద్దు గుంకే వేళకు గీకుడు ఆగింది. ఈసారి పిలుపు రాలేదు. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. మేస్త్రి భార్య అంచు మీద వంగి చూస్తూ, అట్లాగే ఉండిపోయింది. చాలాసేపటికి గంప మోకు కదిలింది. ఆమె లాగింది. గంపలో రాళ్లు లేవు. తడిసిన నల్లటి మందు ముద్ద, దాని మీద జానెడు కాలని వత్తి.

అది ఉన్నది పెద్ద పలక కింద. పొద్దున మేస్త్రి దిగి ఉంటే మొదట గడ్డపార వేసి లేపేది ఆ పలకనే. ఈ సంగతి మేస్త్రి పైకి వచ్చాక చెప్పాడు, భార్యకు కాదు, నాకు, పక్కకు పిలిచి. చెప్పి, బిందెలో మిగిలిన నీళ్లన్నీ తాగాడు.

మర్నాడు పొద్దున బండ మొత్తం కడిగించి, నేను కూడా దిగి చూశాను. ఒక్కో బొక్క మీదా చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. కూరినవి ఏడు. పేలినవి ఐదు.